గెడ్డ యొడ్డున తోకపిగిలిపిట్ట: గుర్తించుట యెట్లు?

(పంచాయతి సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఉదయమునుండి మీరు పన్నుల వసూలు, మంచినీటి సరఫరా, పారిశుద్ధ్యము మొదలగు విషయములను వినియున్నారు. నాకిచ్చిన అరగంటలో నేనొక పిట్టను గూర్చి చెప్పబోవుచున్నాను. ఈ మాట వినగానే మీలో కొందరి పెదవులపై చిరునవ్వు కనిపించినది. "ఓడరేవు, ఉక్కు కర్మాగారము గల మహానగరమునకు మనలను పిలిపించి, ఈయన పిట్టకథ చెప్పుచున్నాడేమి?" అని మీరనుకొనినచో తప్పులేదు. కాని ఇది పొద్దుపుచ్చు పిట్టకథ కాదు. తీర్మానముల పుస్తకములో ఒక పంక్తి వ్రాయుటకు ముందు ఏమి చూడవలెనో, ఎవరిని అడుగవలెనో నాకు నేర్పిన కథ.

విశాఖపట్టణమనగానే 1933లో ప్రారంభమైన రేవును, 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమును అందరును తలచుదురు. వీటి వెనుక తూర్పు కనుమలు నిలిచియున్నవి. ఆ కొండలలో కురిసిన వాన గెడ్డలై దిగి, చెరువులను నింపి, పొలములను తడిపి, తుదకు సముద్రమున కలియుచున్నది. మేఘాద్రిగెడ్డ పేరు వినని వారు మీలో లేరు. పేరులేని చిన్న గెడ్డలు ఇంకను ఎన్నియో కలవు. ఆ గెడ్డల యొడ్డున మద్ది, నేరేడు, కానుగ, వెదురు పెరిగి, నడివేసవిలో సైతము చల్లని నీడ నిచ్చుచుండును. అట్టి నీడను, ఆ నీడ క్రింది నీటిని ఆశ్రయించి బ్రతుకు పిట్టలలో అందమైనది తోకపిగిలిపిట్ట. ఎగురుచున్న పురుగులను గాలిలోనే పట్టి తినుట దాని వృత్తి.

నేను చేసిన పొరపాటు

ముందుగా నా తప్పును ఒప్పుకొనెదను. రెండేండ్ల క్రిందట వేసవిలో, నగరమునకు ఉత్తరమున కొండల పాదమునగల ఒక గ్రామమునకు ప్రదర్శన పటములతో వెళ్లితిని. ఒక పటములో పాలవలె తెల్లని దేహము, నల్లని తల, రెండు పొడుగాటి రిబ్బనుల వంటి తోక యీకలు గల పక్షి యున్నది. ప్రక్క పటములో ఇటుకరంగు వీపు, పొట్టి తోక గల పక్షి యున్నది. నేను పటములపై కర్రనుంచి, "ఇది యొక జాతి, అది వేరొక జాతి" అని గట్టిగా చెప్పితిని.

సభలో వెనుకవరుసను కూర్చున్న ఒక వృద్ధురాలు లేచినది. ఆమె దినమును గెడ్డవారకు పోయి ఎండుపుల్లలేరి తెచ్చుకొను మనిషి. "బాబూ, అయి రెండు జాతులు కావు. తెల్లదీ ఎర్రదీ ఒక్క గూట్లోనే మార్చి మార్చి కూకుంటాయి. నాను కళ్లార సూసినాను" అనెను. సభలో నవ్వులు వినబడినవి. చదువుకొన్నవాడనని నాకును కొంత అభిమానము అడ్డు వచ్చినది. కాని ఆమె మాటలో తడబాటు లేదు. "అమ్మా, రేపు తెల్లవారగట్ల నాకా గూడు చూపగలవా?" అని అడిగితిని. "దూరం నుంచి సూపిస్తాను బాబూ, దగ్గరికి మాత్రం పోకండి" అనెను.

మరునాడు సూర్యోదయమునకు ముందే గెడ్డకు పోయితిమి. నీటిమీదికి వంగిన ఒక సన్నని కొమ్మ చీలికలో, మనిషి తలకు కొంచెమెత్తున, చిన్న గిన్నెవంటి గూడున్నది. సన్నని గడ్డి, నారలు చేర్చి, సాలెగూటి దారములతో బిగించిన గూడు. అందులో తెల్లని పక్షి కూర్చున్నది. దాని తోక యీకలు గూటి అంచునుండి క్రిందికి వ్రేలాడుచున్నవి. కొంతసేపటికి ఇటుకరంగు పక్షి వచ్చి దగ్గర కొమ్మపై వ్రాలెను. తెల్లది లేచిపోయెను. ఎర్రది గూటిలో కూర్చుండెను. ఆ వృద్ధురాలు నావైపు చూచినది గాని, ఒక్కమాటయు అనలేదు.

తెల్లనిది మగది, ఎర్రనిది ఆడుది. ఈ జాతిలో గ్రుడ్లను ఇద్దరును పొదుగుదురు.

పండితులును పొరబడిరి

ఇట్లు పొరబడినవాడను నేనొక్కడనే కాదు. స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1758లో ఈ పక్షికి శాస్త్రీయ నామమునిచ్చుచు దీనిని కాకుల వరుసలో చేర్చెను. తరువాతి వారిలో కొందరు తెల్లవానిని, ఎర్రవానిని వేర్వేరు జాతులని తలచిరి. అందుకు కారణము లేకపోలేదు. ఈ జాతి మగపక్షులలో తెల్లనివి కలవు, ఇటుకరంగువియు కలవు. రెండింటికిని పొడుగుతోక యుండును. 1960 ప్రాంతమున వస్తుప్రదర్శనశాలలలో భద్రపరచిన పొడుగుతోక మగపక్షులను వందలకొలది పరీక్షించినప్పుడు, రెండు రంగులకును నడుమనున్నట్టివి కూడ కొన్ని కనిపించినవి. ఏ రంగు ఎంత తరచుగా కనబడుననునది ప్రాంతమునుబట్టి మారుచున్నది. సింహళ ద్వీపమున స్థిరముగానుండు తెగలో మగవి ఇటుకరంగుననే యుండును. అక్కడి ప్రజలు తెల్లనివానిని చూచి, బట్ట నెత్తుకొని పరుగెత్తు దొంగవలె నున్నదని, ఆ అర్థము వచ్చు పేరు పెట్టిరి.

మన తెలుగువారు పెట్టిన పేరు మరింత తెలివైనది. పట్టణములలో బుల్‌బుల్ అని పిలుచు పక్షికి మన పల్లెలలో పిగిలిపిట్ట యని పేరు. పిగిలివంటి జుట్టు, పిగిలివంటి పరిమాణము, దానికి తోడు పొడుగు తోక. కనుక తోకపిగిలిపిట్ట. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డను అను ఆంగ్లేయుడు 1862 మొదలు 1864 వరకు ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథములో ఇట్టి తెలుగు పేర్లను పల్లెవారినుండి సేకరించి పదిలపరచెను. ఈ పేరులో రంగు ప్రసక్తి లేదు. రంగు మారునని, తలకట్టు మారదని మన పెద్దలెరుగుదురు గాబోలు.

గుర్తించు విధము

ఇక మీరు మీ గ్రామమునకు పోయి ఈ పక్షిని గుర్తించుటకు వలసిన లక్షణములను వరుసగా చెప్పెదను. రంగును కడపట చూడుడు. ముందు చూడవలసినవి వేరు.

మొదటిది చోటు. ఎండలో బోడిగానున్న గట్టుపై దీనికొరకు వెదకవద్దు. దట్టమైన నీడ, సన్నని కొమ్మలు, వెదురు పొదలు, సమీపమున నీటిగుంట లేక పారు గెడ్డ ఉన్నచోట వెదకుడు. మామిడితోపులలోను కనబడును. మధ్యాహ్నపు వేళలందు ఇది కొమ్మమీదినుండి చిన్న నీటిమడుగులోనికి ఒక్క దూకు దూకి, తడిసి, తిరిగి కొమ్మ చేరును. ఇట్లు మరల మరల స్నానము చేయును. ఎదుట కూర్చుని ఓపికగా చూచువారికి ఇదియే మంచి సమయము.

రెండవది పరిమాణము. దేహము పిగిలిపిట్టయంత మాత్రమే. ముదిరిన మగపక్షికి నడిమి తోక యీకలు రెండు, జానెడుమీద నాలుగు వ్రేళ్లవరకు పెరుగును. ఎగురునప్పుడు అవి అలలవలె కదలును. కాని పొడుగుతోక లేనంతమాత్రాన ఇది కాదని చెప్పరాదు. ఆడుదానికి ఎన్నడును పొడుగుతోక రాదు. పిన్నవయసు మగదానికి రెండవ యేటనో, మూడవ యేటనో గాని రాదు.

మూడవది తల. అన్నిటికన్న నమ్మదగిన గుర్తు ఇది. నిగనిగలాడు నల్లని తల, దానిపై కుచ్చువంటి జుట్టు, కంటిచుట్టు నీలపు వలయము. ముక్కు మొదట వెడల్పుగా, నీలిఛాయతో నుండును. ఆడుదాని గొంతు బూడిదవన్నెగా నుండి, జుట్టు కొంచెము తక్కువగా నుండును. పిన్న మగది ఆడుదానివలెనే యున్నను, దాని గొంతు నల్లగా నుండును.

నాలుగవది నడవడి. ఇది నేలమీద నడిచి తిరుగదు. కాళ్లు పొట్టివి. కొమ్మపై నిటారుగా కూర్చుని, ఎగురు పురుగును చూచి ఒక్క విసురున పోయి పట్టి, మరల కొమ్మ చేరును. ఈగలు, సీతాకోకచిలుకలు, చిమ్మటలు, చిన్న పేడపురుగులు దాని ఆహారము.

ఐదవది కూత. ఇంత అందమైన పిట్టకు ఇంత మోటు కూతయా యని ఆశ్చర్యపడుదుము. ముక్కుతో గీచినట్లు "చ్వే, చ్వే" అని అరచును. గూడు కట్టుకాలమున మాత్రము చక్కని ఈలపాట కూడ పాడును. నీడలో పక్షి కనబడనప్పుడు ఈ గీరుకూతయే దారి చూపును.

ఆరవది రంగు. తెల్లనిదైనచో నిస్సందేహముగా మగది. వీపు ఇటుకరంగున నుండి తోక పొడుగైనచో అదియు మగదియే. ఇటుకరంగు, పొట్టితోక, బూడిద గొంతు అయినచో ఆడుది. ఇటుకరంగు, పొట్టితోక, నల్లగొంతు అయినచో పిన్న మగది.

పొరబడదగిన పక్షులు కొన్ని కలవు. పిగిలిపిట్టకు నల్లని తల, జుట్టు ఉన్నను, దేహము మసిగోధుమవన్నె. తోకక్రింద ఎర్రని మచ్చ యుండును. పసులపోలిగాడు పురుగులను గాలిలో పట్టునదియే గాని, నిలువెల్ల నలుపు; తోక చేపతోకవలె చీలియుండును. నీటి అంచున తోక నాడించుచు నేలపై పరుగెత్తు నలుపుతెలుపుల పక్షి కాటుకపిట్ట. దాని తోక మామూలు పొడుగే. విసనకఱ్ఱవలె తోకను విప్పి చిందులాడు చిన్నదానిని కొన్ని పల్లెలలో దాసరిపిట్ట యందురు. అదియు ఈగలను పట్టునదియే, కాని దానికి తెల్లని కనుబొమ యుండును, జుట్టుండదు. ఇటుకరంగు దేహము, పొడుగు తోక గల కాకిజాతి పక్షి యొకటి కలదు. అది మిక్కిలి పెద్దది. దాని తోక గట్టిగా నుండును గాని రిబ్బనువలె అల్లాడదు.

ఒక్క విశేషము. తెలుగులో మనము ఈగపట్టు పిట్టలని ఒక్కపేరున పిలుచువానిలో అనేక కుటుంబములు కలవు. తోకపిగిలిపిట్ట నిజమైన ఈగపట్టు పిట్టల కుటుంబమునకు చెందినది కాదని, పసులపోలిగానికి దగ్గర చుట్టమని నేటి శాస్త్రజ్ఞులు తేల్చియున్నారు. ఆసియా ఖండమంతటను ఒకటే జాతియని తలచినదానిని ఇటీవల మూడుగా విభజించిరి. మనది భారతీయ తోకపిగిలి. మధ్యప్రదేశ్ రాష్ట్రము దీనిని తన రాష్ట్రపక్షిగా ఎన్నుకొన్నది. శీతకాలమున ఇది దక్షిణదేశపు మైదానములలోని తోటలకును, సింహళమువరకును వలస పోవును.

మూడు పేర్లు, ఒక్క జాతి

ఇంతవరకు విన్నవారు "పిట్టను గుర్తించితిమి, సంతోషము, పంచాయతికి దీనితో నేమి పని?" అని అడుగవచ్చును. ఆ గ్రామమున జరిగినది చెప్పెదను.

అక్కడ గెడ్డ పూడిపోయి, దిగువ పొలములకు నీరందుటలేదు. వానలకు ముందే పూడిక తీయవలెనని పంచాయతి తీర్మానించినది. యంత్రము దిగుటకు వీలుగా రెండు గట్లమీది చెట్లను వేలము వేయవలెనని కూడ వ్రాసికొనిరి. నేను గూటి సంగతి చెప్పగా, గ్రామ ప్రాణుల వివరములు వ్రాసియుంచిన పుస్తకమును తెచ్చి చూపిరి. అందులో తెల్ల తోకపిట్ట, ఎర్ర తోకపిట్ట, ఎర్ర పిగిలి అని మూడు పేర్లున్నవి. ఒక సభ్యుడు "మూడు రకములున్నవి గదా! ఒకటి రెండు పోయినను మిగిలినవి యుండును" అనెను.

ఆయన మాటలో దురుద్దేశము లేదు. కాగితముమీది లెక్క అట్లే యున్నది. కాని ఆ మూడును ఒక్క జాతియే. మేము నాలుగు దినములు గెడ్డ పొడవున తిరిగి చూచితిమి. తెల్ల మగదానితో ఒక జంట, ఎర్ర మగదానితో ఒక జంట, వెరసి రెండు జంటలు మాత్రమే కనబడినవి. మూడు రకములని పుస్తకములో నున్నది, నిజమునకు నాలుగు పక్షులు. ఒక్క జాతిని మూడుగా వ్రాసినప్పుడు కలిమి కనిపించును, నిజమైన లేమి మరుగుపడును. అందుచేతనే పక్షిని సరిగా గుర్తించుట వినోదము కాదు, లెక్క సరిచూచుట. చెరువు లెక్క, పన్ను లెక్క తప్పినచో మీరు ఊరకుందురా?

మేము ఈ మాట చెప్పునప్పటికే పని మొదలైనది. యంత్రము మలుపు తిరుగుటకు అడ్డువచ్చిన కొమ్మ నొకదానిని మొదటి దినముననే కొట్టిరి. ఎర్ర జంటగూడు ఆ కొమ్మకే యున్నది. కొట్టిన కూలీయే గూటిని రెండు చేతులలో పెట్టుకొని పంచాయతి కచేరికి తెచ్చెను. గ్రుడ్లు పగిలిపోయినవి. "తెలిసుంటే ఆ కొమ్మ ముట్టుకోకపోదును" అని అతడన్నప్పుడు ఎవ్వరికిని నోటమాట రాలేదు. అతనికి తెలియదు. మాకును తెలియదు. తెలిసిన వృద్ధురాలిని ఎవ్వరును అడుగలేదు.

ఆ సాయంకాలము పంచాయతి మరల కూడినది. దిగువ పొలముల రైతొకడు లేచి, "పిట్ట కోసం మా మళ్లకు నీరు ఆపుతారా?" అని నిలదీసెను. ఆ ప్రశ్న న్యాయమైనది. నారుమడి ఎండిపోవుచున్నవానికి పిట్ట అందము చెప్పి ప్రయోజనము లేదు. సర్పంచి గారు, ఆమె వయసున చిన్నదైనను ఓర్పుగలది, అందరిమాటలు విని ఇట్లు నిర్ణయించెను. యంత్రము చెట్లులేని దిగువభాగమునుండి పని మొదలుపెట్టవలెను. నీడగల ఎగువభాగమును పిల్లలు ఎగిరిపోవువరకు ముట్టరాదు. తరువాత అచ్చట పూడికను కూలీలచే చేతితోనే తీయించవలెను. రెండు గట్లమీది చెట్లకు మారుగా, దారివైపు గట్టుమీద ఎండినవానిని మాత్రమే వేలము వేయవలెను.

ఈ జాతి గ్రుడ్లు రెండు వారములలో పొదుగబడును. పిల్లలు ఆ తరువాత సుమారు పది పండ్రెండు దినములలో గూడు విడుచును. అనగా నెలదినములలోపల పని. తెల్లజంట పిల్లలు మూడు ఎగిరిపోయినవి. తొలకరికి రెండు దినములు ముందుగా పూడిక తీత ముగిసినది. దిగువ మళ్లకు నీరు పారినది. చేతిపని వలన ఖర్చు కొంత పెరిగినది, వేలము రాబడి కొంత తగ్గినది. ఈ సంగతి మీకు దాచను. కాని గట్టు చెట్ల వేళ్లు నిలిచినందున, ఆ యేటి వానలకు ఎగువగట్టు తెగలేదు. బోడిచేసిన దిగువగట్టు రెండుచోట్ల జారినది.

ఈ పిట్ట యుండినచో దోమలు పోవునని, పంటపురుగు నశించునని నేను చెప్పను. అట్లు చెప్పుట సులభమే గాని, సత్యము కాదు. నేను చెప్పునది ఇంతే: తోకపిగిలి గూడు కట్టినచోట నీడ యున్నదని, నీరున్నదని, ఎగురు పురుగులు గల సజీవమైన గట్టు ఉన్నదని అర్థము. అది రాకుండిన యేడు, పోయినదేమో గట్టుకు పోయి చూడవలెను.

మనకుగల అధికారము, బాధ్యత

రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణ, పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. వానిలో చిన్ననీటి వనరులు, సామాజిక అడవుల పెంపకము కూడ నున్నవి. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య సంఘమును ఏర్పరచి, గ్రామములోని ప్రాణులను, చెట్లను, వానినిగూర్చిన ప్రజల తెలివిడిని ఒక పుస్తకమున వ్రాయించవలెను. ఆ సంవత్సరముననే మన రాష్ట్రమున నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చినది. వాల్టా యని మీరు పిలుచునది అదియే. చెట్లు కొట్టుటకు అనుమతి అవసరమని అది చెప్పుచున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇట్టి పక్షులను పట్టుటను, గూళ్లు చెరచుటను నిషేధించుచున్నది. చట్టము మన చేతిలో నున్నది. కొరతయైనది చూపు.

గ్రామ పుస్తకమున వ్రాయునప్పుడు ఈ క్రమము పాటింపుడు. పక్షికి మీ ఊరిలోని పేరు ఏమి, ఎక్కడ కనబడినది, ఏ నెలలో, ఏ వేళ, తల, తోక, గొంతు ఎట్లున్నవి, ఏమి చేయుచుండెను, ఎవరు చూచిరి. ఒకే గూటివద్ద రెండు రంగుల పక్షులు కనబడినచో ఆ సంగతి తప్పక వ్రాయుడు. తెలియనిచో తెలియదని వ్రాయుడు. ఊహించి పేరు పెట్టుటకంటె ఖాళీ విడుచుట మేలు. గూటి దగ్గరకు పోవద్దు, కొమ్మ వంచవద్దు, చేతిఫోను పట్టుకొని ఛాయాచిత్రములకై గుమిగూడవద్దు. మనిషి త్రొక్కిన దారివెంట పిల్లియు, కాకియు గూటిని కనిపెట్టును.

పల్లెవారి తెలివిడికి ఎంత విలువ యున్నదో మన రాష్ట్రముననే గొప్ప నిదర్శనము కలదు. జెర్డను పేరుతోనే ప్రసిద్ధమైన కలివికోడి 1900 తరువాత ఎవరికిని కనబడక, నశించినదని లోకమంతయు నమ్మినది. 1986లో కడప మండలమున స్థానికుడైన ఒక పిట్టల వేటగాని సహాయముతో అది మరల దొరకినది. పుస్తకములలో లేనిది అతని కంటిలో నున్నది. మన విశాఖ కొండల పక్షులనుగూర్చి రిప్లీ, బీలర్, కృష్ణరాజు అను మువ్వురు వ్రాసిన వ్యాసములు 1980ల చివర బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ప్రకటితమైనవి. పండితుడును, పల్లెవాడును కలిసినప్పుడే లెక్క పూర్తియగును.

ఇంకొక్క మాట. 2014 అక్టోబరు 12న మన తీరమును తాకిన తుపానుకు హుద్‌హుద్ అని పేరు. ఆ పేరును ఒమన్ దేశము సూచించినది. అరబ్బీ భాషలో అది కూకుడుగువ్వకు పేరు. ఒక పక్షి పేరుగల తుపాను ఒక్క దినమున విశాఖ చెట్లను ఎన్నిటినో నేలకూల్చినది. నగరమునకు చేరువనే యున్న కంబాలకొండ అడవికి సైతము దెబ్బతగిలినది. సుమారు 70 చదరపు కిలోమీటర్ల ఆ అడవిని 2002లో అభయారణ్యముగా ప్రకటించిరి. తోకపిగిలి అచ్చటను కలదు. తుపానును ఆపుట మన చేతిలో లేదు. గెడ్డగట్టుమీది గొడ్డలిని ఆపుట మన చేతిలోనే యున్నది.

కావున నా మనవి మూడు మాటలు. వైశాఖమునుండి ఆషాఢమువరకు, గూళ్లు కట్టు కాలమున, నీడగల గెడ్డగట్లపై చెట్ల వేలము పెట్టకుడు. పూడికతీత పని తప్పనప్పుడు ముందుగా ఒక ఉదయము గట్టు పొడవున నడిచి చూడుడు. ఆ నడకలో పుల్లలేరువారిని, పసులకాపరులను, చాకలివారిని, చేపలు పట్టువారిని వెంట తీసికొనిపోవుడు.

ఆ వృద్ధురాలు ఇప్పుడు తన గ్రామపు జీవవైవిధ్య సంఘములో సభ్యురాలు. పుస్తకములో మూడు పేర్లు కొట్టివేసి, ఒక్క పేరు వ్రాసిరి: తోకపిగిలిపిట్ట. దాని ఎదుట, చూచినవారి పేరు వ్రాయవలసిన గడిలో, ఆమె వ్రేలిముద్ర యున్నది. గడచిన వేసవిలో గెడ్డపై మరల రెండు జంటలు కనబడినవని సర్పంచి గారు నాకు జాబు వ్రాసిరి.

మీ మీ గ్రామముల గెడ్డలవద్ద ఎన్ని జంటలున్నవో తెలిసికొని, వచ్చే శిక్షణ తరగతికి ఆ లెక్క తీసికొని రావలసినదిగా కోరుచున్నాను.

జై హింద్.